మూరెడు దూరం రాణి

బీర్పూర్ నాటకంలో రాణి రాజుగారి మూతి పగలగొట్టిందట. జగిత్యాల బస్టాండులో చెప్పుకున్నదాని ప్రకారం ఆ రోజు రాజు తాగి వచ్చాడు. కోరుట్లలో మాత్రం తాగింది రాణి. కథ సిరిసిల్ల చేరేసరికి ఇద్దరికీ పాత సంబంధం కూడా తేలింది. రుజువుగా అందరి ఫోన్లలో పది సెకన్ల వీడియో ఉంది. రాజు కత్తి ఎత్తుతాడు. తల వంచి కూర్చున్న రాణి దిగ్గున లేస్తుంది. ఆమె అరచేయి వెళ్లి రాజు మూతికి తగులుతుంది. అంతే.

ఆ రాణి పేరు మొగిలవ్వ. కరపత్రాల మీద ‘కుమారి మంజరి’. వయసు యాభై రెండు, మనవరాళ్లు ఇద్దరు. కుమారి అని వేయకపోతే జనం రారని కమిటీల నమ్మకం. వచ్చిన జనం ఆమెను చూసి లేచి పోయింది లేదు; వాళ్లు తేరుకునేలోపు ఆమె పద్యం ఎత్తుకునేది.

పుట్టింది సిరిసిల్లలో, బట్ట నేసే సాంచాల చప్పుడులో. దాన్ని మించి పాడితేనే పక్కవాళ్లకు వినపడుతుంది కనుక గొంతు అలా తయారైంది. ఏడో తరగతితో బడి మానేసి, బీడీలు చుడుతూ పాడేది. పెళ్లయి కోరుట్ల వచ్చాక, పక్కింట్లో ఉండే హార్మోనియం మాస్టర్ గులాం మొహియుద్దీన్ గోడ అవతలి నుంచి విని, పిలిచి పద్యాలు నేర్పాడు. భర్త శంకరయ్య అడ్డు చెప్పలేదు. భార్య ఎన్ని ఊళ్ల రాజులకు పట్టపురాణి అయినా, తన చాయ్ చల్లారకపోతే చాలనుకునే మనిషి.

ఇక్కడి పద్ధతి ఏమిటంటే, ఊళ్లో మగవాళ్లు మూడు నెలలు పద్యాలు బట్టీ పడతారు. రాణి మాత్రం ఆ సాయంత్రమే బస్సు దిగుతుంది. రాజును మేకప్ గదిలో మొదటిసారి చూస్తుంది. "ఏ శ్రుతి?" అని అడిగి, గొంతు కోసం కాస్త పటికబెల్లం రొంటిన చెక్కుకుని, గంటలో అతని కోసం ప్రాణమిచ్చేందుకు సిద్ధమవుతుంది.

ముప్పై ఏళ్లలో ఆమెను పిలవనిది సిరిసిల్ల ఒక్కటే. బీడీల పిల్ల రాణేమిటని అక్కడివాళ్ల నవ్వు. పుట్టిన గల్లీ వాళ్ల ముందు ఒక్కసారి పాడాలన్నది ఆమె కోరిక. ఈ ఏడు అక్కడి కమిటీ పెద్ద జలపతి పిలిచాడు. అంతలో వీడియో వచ్చింది, వెనకాలే జలపతి ఫోనూ వచ్చింది.

"అక్కా, ఏమనుకోకు. మా రాజు భయపడుతుండు. వేరే రాణిని చూస్తున్నం."

"మీ రాజుకు పండ్లు ఎన్నున్నయ్?"

"జోకులొద్దక్కా. కొట్టినవా లేదా, గంతే చెప్పు."

"పున్నం దాటినంక చెప్త."

"పున్నం నాడే కరపత్రం అచ్చుకు పోతది మరి."

బీర్పూర్ రాజు భూమన్న. మస్కట్‌లో ఫోన్ పట్టుకుని పద్యాలు బట్టీ పట్టి, ఈ వేషం కోసమే సెలవు మీద వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోకుండా ఆంజనేయస్వామి మాల కూడా వేసుకున్నాడు. మేకప్ గదిలోనే చెప్పాడు.

"అక్కా, నేను మాలల ఉన్న. ఆడోళ్లు తాకొద్దు. జర దూరం నిలబడు."

"నా మొగనివి నువ్వు. ఎంత దూరం?"

"మూరెడు."

"మూరెడు దూరంల సంసారం ఎట్ల జేసినం స్వామీ? కథల మనకో కొడుకు గూడ ఉన్నడు."

మొహియుద్దీన్ హార్మోనియం మీదికి వంగి నవ్వు దాచుకున్నాడు. రాజు రాణి మీద కత్తి ఎత్తే ఆఖరి సీను దాకా ఇద్దరూ మూరెడు దూరంలోనే కాపురం చేశారు.

జలపతి ఫోను పెట్టేశాక ఆ మొహియుద్దీనే అడిగాడు. "జరిగింది చెప్పేస్తే అయిపాయె గద బిడ్డా. సిరిసిల్ల చేతులకెళ్లి పోతది."

"ఇప్పుడు చెప్తే గురుస్వామి ఆయన మాల తీపిస్తడు మాస్టర్ సాబ్. నెల దినాలు చాపమీద పండుకున్నడు పాపం. కొండగట్టుకు పోయి రానీ."

అలా అంది గానీ, ఆ రోజు శంకరయ్య చాయ్ చల్లారింది.

పున్నమి నాడు భూమన్న కొండగట్టులో మాల తీశాడు. మొగిలవ్వ వేషం పోతున్నదని విని, గుండుతో బస్సెక్కి సిరిసిల్ల వచ్చి, అచ్చు ప్రెస్సులో ఉన్న జలపతి ముందు నిలబడ్డాడు.

"గా వీడియోల రాజును నేనే."

జలపతి ముందు అతని పళ్లు చూశాడు. అన్నీ ఉన్నాయి.

"పగటి భిక్ష తప్ప ఏం తినలే. గా కిరీటం బరువు. కండ్లు తిరిగినయ్. చేతులున్నది అట్టకత్తి గాదు, మా తాత కత్తి. నేను ఒరిగితే అక్క మెడ మీదనే పడుతుండె."

"గందుకని కొట్టిందా?"

"కొట్టలే, నోట్ల పెట్టింది. మాలల ఉండి ఆడామె చేతికెళ్లి తిన్నవని నన్ను అంటరని, గిన్ని దినాలు నోరు మూసుకున్నది."

జలపతి అచ్చు ఆపించాడు. కరపత్రం మీద కుమారీ లేదు, మంజరీ లేదు. ‘సిరిసిల్ల మొగిలవ్వ’ అని పడింది. వీడియో మాత్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఆ పది సెకన్లలో ఎవరికీ కనపడనిది ఒకటుంది. రాణి అరచేతిలో పటికబెల్లం ముక్క ఉంది.