ఎవరిదీ కాదన్న ఫైలు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నేను యూనివర్సిటీ ల్యాబులో సర్వర్లు చూసుకునేవాణ్ణి. గుంటూరు నుంచి వచ్చి తార్నాకలో కాపురం పెట్టి అప్పటికి పదేళ్లు. గేటు దగ్గర కళ్లు మండించే పొగ, లోపల నినాదాలు. ఐడీ కార్డు చూపించి, తల దించుకుని ల్యాబుకు పోయేవాణ్ణి.

మా ల్యాబులో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన రీసెర్చి స్కాలరు ఒకాయన ఉండేవాడు. నన్ను అన్నా అనేవాడు. సాయంత్రాలు తార్నాక చౌరస్తాలో కలిసి చాయ్ తాగేవాళ్లం. ఉద్యమం ముదిరాక ఆయన ధర్నాల్లో ఉండిపోయాడు. ఏం మాట్లాడితే ఏం తప్పవుతుందోనని నేను ఫోను చెయ్యడం మానేశాను. ఆయనా చెయ్యలేదు.

ఒక బంద్ రోజు సర్వర్లో డిస్కు నిండిపోయింది; అక్కర్లేని ఫైళ్లు తీసేసి చోటు చెయ్యాలి. అంతకు ముందురోజే బస్సులో ఎవరో నా యాస విని, "మీ ఊరికి ఎప్పుడు పోతరు?" అన్నాడు. ఆ మాట ఇంకా లోపల కుతకుతలాడుతూనే ఉంది.

తెలియని ఫైలు కనిపిస్తే అది ఏ ప్యాకేజీతో, అంటే ఏ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిందో ఒక కమాండు కొట్టి సిస్టమ్‌నే అడగడం నా అలవాటు. పేరు చెబితే ఉంచుతాను. అందరూ వాడుకునే ఫోల్డరులో ఉన్న ఒక పెద్ద ఫైలు గురించి అడిగితే, ఏ ప్యాకేజీకీ చెందదని జవాబొచ్చింది. మనుషులు సొంతంగా పెట్టుకున్న ఫైళ్లకూ అదే జవాబు వస్తుందని నాకు తెలియక కాదు. అయినా తీసేశాను.

వారం తర్వాత స్కాలరు వచ్చాడు. నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి. ప్రోగ్రాము నడవలేదు. ఆ పెద్ద ఫైలు నేనే తీసేశానని చెప్పాను. అది రెండేళ్లు కూర్చుకున్న ఆయన డేటా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బ్యాకప్ అంతా వెతికాను. ఆ ఫోల్డరుకు బ్యాకప్పే లేదు. మళ్లీ కూర్చడానికి కనీసం ఇంకో ఏడాది పడుతుందని ఇద్దరికీ అర్థమైంది.

ఆయన కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"ఒక్క ఫోన్ కొడితే అయిపోతుండె గద సార్. నాదే అని చెప్తుంటి."

ఆయన నోట సార్ అనే మాట వినడం అదే మొదటిసారి.

"ఎవరిదో తెలియలేదయ్యా," అన్నాను.

ఆయన నమ్మాడు. "పోనీ తియ్యి సార్, మీరేం జేస్తరు," అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నాకు తెలుసు. ఆ రోజు ఫైళ్ల జాబితాలో ఆ ఫైలు పక్కనే, యజమాని గడిలో, ఆయన లాగిన్ పేరు ఉంది. చదివాకే తీసేశాను.