రిజిస్టరుకెక్కని మూడు నిమిషాలు

మద్యం సీసాలపై ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి అంటూ ఐర్లాండ్ ప్రభుత్వం నిబంధనలు తెచ్చిన 2023లోనే, అమెరికా వైన్ ఉత్పత్తిదారుల సంఘం ఒకటి నన్ను డబ్లిన్‌లో విధాన సలహాదారుగా నియమించింది. డాక్‌ల్యాండ్స్‌లో ఆఫీసు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి ఉద్యోగం. జన్మలో చుక్క వైన్ ముట్టనివాణ్ణి. అయినా ఇక్కడి తెలుగువాళ్ళు నాకు ‘వైన్ అంకుల్’ అనే పేరు ఖాయం చేశారు.

నా పని వైన్ అమ్మడం కాదు, చట్టం వల్ల మా సభ్యులకు కలిగే ఇబ్బందిని ప్రభుత్వానికి చెప్పడం. కాలిఫోర్నియాలో ఓ చిన్న కుటుంబం నింపే సీసాల్లో ఐర్లాండ్‌కు వచ్చేవి కొద్ది పెట్టెలే. వాటి కోసం వేరే లేబుల్ అచ్చు వేయించడం కన్నా ఇటు పంపడం మానుకోవడమే వాళ్ళకు సులువు. అందుకని గడువు పెంచమని అడిగాం. ముందు వినతిపత్రం, ఆ తర్వాత అపాయింట్‌మెంట్ తీసుకుని సమావేశం, చివరికి రిజిస్టర్. మంత్రితో గానీ, మంత్రి సలహాదారుతో గానీ చట్టం గురించి మాట్లాడితే ఆ సంగతిని లాబీయింగ్ రిజిస్టరులో నమోదు చేయాలి. నాలుగు నెలలకొకసారి దాఖలు. దాన్ని ఎవరైనా చూడవచ్చు. కాఫీ తాగుతూ మాట్లాడినా మినహాయింపు లేదు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పేవాణ్ణి నేనే.

మరుసటి ఉగాదికి మనవాళ్ళంతా ఓ హాల్లో కలిశాం. మా జిల్లా ఆవిడ శారద గారి అమ్మాయి లావణ్య కూడా వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. మద్యం హెచ్చరికల మీదే పై చదువు చదివి, ఆ నిబంధనల ఫైలు మీద పనిచేయాలనే ఒక సహాయ మంత్రి దగ్గర సలహాదారుగా చేరింది. మేము అపాయింట్‌మెంట్ కోసం వారాల తరబడి ఎదురుచూస్తున్నది ఆ ఆఫీసులోనే.

పులిహోర వడ్డిస్తున్న చోట ఆమెను పక్కకు పిలిచి, చిన్న ఉత్పత్తిదారుల కష్టమంతా మూడు నిమిషాల్లో చెప్పేశాను. ఆమె తినడం ఆపి విని, “ఓకే, అంకుల్” అంది. మనమ్మాయే కదా, పని తేలికైందని సంతోషంగా ఇంటికి వచ్చాను.

దాఖలు గడువు దగ్గరపడి ఫారం తెరిచాక గానీ తెలివి రాలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడింది. ఆమె పేరు రాయాల్సి వస్తుందని శారద గారికి ఫోన్ చేసి చెప్పాను.

“అన్నయ్యగారూ, పండగపూట పిల్లతో నాలుగు ముక్కలు మాట్లాడితే అదీ రిజిస్టరుకెక్కిస్తారా? పేపరోళ్ళు చూస్తే దాని ఉద్యోగం ఏం కాను? మనలో మనకి ఇవన్నీ ఏంటండీ?” అన్నారావిడ.

రాస్తే పిల్లకు చేటు, రాయకపోతే చట్టం తప్పినట్టు. పది రోజులు ఫారం ముట్టుకోలేదు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి భయపడ్డాను, సిగ్గుపడ్డాను కూడా. చివరికి లావణ్యకే ఫోన్ చేసి ఏం చేయమంటావని అడిగాను.

“మీరు నాతో మాట్లాడింది నేను మండేనే ఆఫీస్‌కి రైటింగ్‌లో ఇచ్చేశా, అంకుల్. దే టుక్ మీ ఆఫ్ ద ఫైల్,” అంది. మళ్ళీ తనే, “ఇట్స్ గ్రాండ్, పర్లేదు. మీరు రాసేయండి,” అంది.

ఉగాది తర్వాత వచ్చిన మొదటి సోమవారమే ఆమె ఆ పని చేసింది. తెలిసినవాళ్ళు వచ్చి మాట్లాడిన ఫైలు మీద ఆమెను ఉంచరు కాబట్టి, ఏ ఫైలు కోసం ఆ ఉద్యోగంలో చేరిందో ఆ ఫైలే చేజారింది. ఆమె ఒక్క మాట కూడా నన్ను అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ రోజే పేరు, స్థలం, విషయం అన్నీ నింపి దాఖలు చేశాను. పత్రికలు పట్టించుకోలేదు. తర్వాత ప్రభుత్వం తన కారణాలతో తానే లేబుళ్ళ గడువు పెంచింది. అందులో నా మూడు నిమిషాల పాత్ర ఏమీ లేదు.

నా చోట ముక్కూమొహం తెలియనివాడుంటే లావణ్య “ఆఫీసుకు రాయండి” అని తప్పుకునేది. నాకు అలా చెప్పలేకపోయింది. ఆమె చూపిన మర్యాదను నేను అపాయింట్‌మెంట్‌గా వాడుకున్నాను. ఈ వృత్తిలో ఎవరినైనా ఏదైనా అడగవచ్చు, మనకు కాదని చెప్పలేని మనిషిని మాత్రం అడగకూడదు.