చెరకుతోటలోని మంచం

మొన్న ఆదివారం హౌగాంగ్‌లో మా బ్లాకు ఎదురుగా ఉన్న మైదానంలో ఈ దేశపు సైన్యం వాళ్ళు తమ బండ్లను ప్రదర్శనకు పెట్టారు. మధ్యలో ఒక టాంకు. పిల్లలు దాని మీదికెక్కి ఫొటోలు దిగుతుంటే తండ్రులు కింద క్యూలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నారు. పొద్దున వాన కురిసి వెలిసింది. టాంకు దగ్గరికి వచ్చేసరికి డీజిల్ వాసన, దాని వెంటే నలిగిన పచ్చిక వాసన, రెండూ కలిసి ముక్కుకు తగిలాయి. నేను క్యూలోంచి పక్కకు వచ్చేశాను. "ఏమైందండీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగింది మా ఆవిడ. కళ్ళు తిరగలేదు. సుబ్బయ్య అంకుల్ గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే ముందు సంతోషం కలుగుతుంది, ఆ వెనకే సిగ్గు వస్తుంది. ఇన్నేళ్ళయినా రెండోదే ఎక్కువసేపు ఉంటుంది.

సుబ్బయ్య అంకుల్ మా పక్క ఫ్లాటు పద్మ వాళ్ళ నాన్న. గిద్దలూరు వైపు మనిషి. మీసాలు సరిగా రాకముందే పటాలంలో చేరి టాంకు డ్రైవరయ్యారు. డెబ్భై ఒకటి యుద్ధంలో పడమటి సరిహద్దున టాంకు నడిపారు. భార్య పోయాక దేశం దాటి ఇక్కడ కూతురి దగ్గరికి వచ్చి, మనవళ్ళను స్కూలు బస్సెక్కించడం, మార్కెట్టుకు వెళ్ళి కూరలు తేవడం పనిగా పెట్టుకున్నారు. నాది గుడివాడ. పాయా లేబర్‌లో ఒక బీమా కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. ఉద్యోగం సంగతెలా ఉన్నా, ఇక్కడి తెలుగువాళ్ళ సభల్లో మాత్రం మైకు నాది. ఉగాది అయినా, పిల్లల పాటల పోటీ అయినా నేను లేకుండా తెర లేవదు. వీడు నోరు పెట్టుకుని బతికేస్తాడని మా అమ్మ చిన్నప్పుడే అనేది. మాటల మధ్య ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే నాకు ఊపిరాడదు, వెంటనే పూడ్చేస్తాను.

మా బ్లాకు నుంచి బస్టాపుకు పచ్చిక మీదుగా అడ్డంగా నడిస్తే దగ్గర. అందరూ అలాగే నడిచి నడిచి అక్కడ మట్టిబాట పడింది. అంకుల్ మాత్రం చుట్టూ తిరిగి సిమెంటు దారినే వెళ్ళేవారు. ఒకరోజు ఆటపట్టించాను. "గడ్డి మీద కాలు పెడితే ఫైన్ వేస్తారని ఎవరైనా భయపెట్టారా అంకుల్? ఇక్కడ అన్నింటికీ ఉంది కానీ దీనికి లేదండీ." ఆయన నవ్వి, "చుట్టూ పోతే ఏమైద్దిలేవయ్యా, నాకేమన్నా ఆఫీసుందా" అన్నారు. ఆ తర్వాత కబుర్ల కోసం నేనూ ఆయనతో పాటు చుట్టూ నడవడం మొదలుపెట్టాను. ఆయనకు ఒక అలవాటుండేది. ఎదుటివాడు మాట్లాడడం పూర్తి చేశాక వెంటనే బదులివ్వరు. ఇంకేమైనా మిగిలి ఉందేమోనని కాసేపు ఆగుతారు. ఆ ఆగడంలోనే అసలు మాట బయటికి వచ్చేది. ఆఫీసులో నా కింది కుర్రాళ్ళనిద్దరిని తీసేశారనీ, తర్వాతి వంతు నాదేనేమోనని నిద్ర పట్టడం లేదనీ మా ఆవిడకు కూడా చెప్పనిది ఆయనకు అలాగే చెప్పేశాను. ఆయన సలహా ఏమీ ఇవ్వలేదు. "ఊఁ" అన్నారు, నాతో పాటు ఇంకో చుట్టు నడిచారు. అంత బాగా నా మాట విన్న మనిషి అప్పటిదాకా నాకు తగల్లేదు.

ఒక సాయంత్రం ఆయన మా ఇంట్లో టీ తాగుతుంటే మా అమ్మాయి శ్రీజ టాబ్లెట్‌లో టాంకుల ఆట ఆడుతోంది. "సీ తాతా, ఐ డ్రైవ్ త్రూ ఓన్లీ" అంటూ ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అరిచి, ఒక జొన్నచేనులోంచి టాంకును దూకించింది. అంకుల్ కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగారు.

"అమ్మాయ్, ఒకసారి బండి ఎనక్కి తిప్పు, చూద్దాం."

శ్రీజ తిప్పింది. చేను ఎప్పటిలాగే నిటారుగా నిలబడి ఉంది. ఒక్క కంకి కూడా విరగలేదు.

"ఇదేంది, చేను లేచి నిలబడిందే?"

"ఇట్ కమ్స్ బ్యాక్ లా, తాతా. ఎవ్రీ టైమ్ ఆల్సో లైక్ దట్."

ఆయన ఆ తెర వైపు చాలాసేపు చూశారు. "మంచిదే" అన్నారు చివరికి. ఆయన చేతిలో టీ చల్లారిపోయింది. ఇంకేదో చెప్పబోయినట్టు నా వైపు తిరిగారు. "మీ టాంకు కంటే మా అమ్మాయి టాంకే నయం కదా అంకుల్" అని నవ్వేసి, నేను అప్పటికే కరివేపాకు ధర మీదికి వెళ్ళిపోయాను.

ఆ ఏడు ఆంగ్ మో కియోలో స్వాతంత్ర్య దినోత్సవ సభ పెట్టుకున్నాం. ఎవరికైనా సన్మానం చెయ్యాలి, ఎవరికి చేద్దాం అని కమిటీలో మాటొచ్చింది. మన మధ్యే ఒక యుద్ధవీరుడున్నాడు అని ఆయన్ని నా సొంత సొత్తులా ముందుకు పెట్టాను. ఆయన ఒప్పుకోలేదు. "నాకెందుకయ్యా ఇయ్యన్నీ. నేను బండి తోలినోణ్ణి" అన్నారు. నేను వదల్లేదు. రెండు ముక్కలు మాట్లాడితే చాలు, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది అని వెంటపడ్డాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఏదైనా చెప్పొచ్చా?" అని అడిగారు. "మీ ఇష్టం అంకుల్, మైకు మీదే" అన్నాను.

సభలో నేను చేసిన పరిచయం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. శత్రువుల గుండెల్లో నిద్రపోయిన సింహం అన్నాను. ఆయన ఎన్నడూ చెప్పని సాహసాలు కల్పించి చెప్పాను. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, కెమెరాలు మెరిశాయి. ఆయన మైకు అందుకుని అందరికీ నమస్కారం పెట్టారు.

"ఈ అబ్బాయి చెప్పినయ్యి నేనేం చెయ్యలా" అని మొదలుపెట్టారు. అది వినయం అనుకుని అందరూ నవ్వారు. "నేను డ్రైవర్ని. మూత ఏసుకుంటే డ్రైవరుకి అద్దంలోంచి కాస్త మేర కనపడద్ది, అంతే. ఒకనాడు చెరకుతోటలోంచి పోనీమన్నారు, అవతలోళ్ళకి కనపడకుండా. పోనిచ్చా. నేనూ సేద్యగాడి కొడుకునే. తోట తొక్కుతుంటే పాణం ఉసూరుమంది. అయినా పోనిచ్చా. సాయంత్రం బండి ఆపినాక చైను శుభ్రం చెయ్యాల. చెరకాకు పీకతా ఉంటే చక్రం పళ్ళకి నులక చుట్టుకోనుంది. మంచం నులక. కోడు ముక్క గూడా ఒకటి ఇరుక్కోనుంది. చెరకుతోట నడిమధ్యన మంచం ఎందుకుంటది? ఊళ్ళు ఖాళీ చేసి పొమ్మన్నారు గదా. పోలేనోళ్ళు ఎవరో, ముసలోళ్ళో, జబ్బు మనిషో..."

ఆయన శాలువా అంచు పట్టుకుని, "ఆ నులక చేతిలోకి తీసుకోని నేను..." అని ఆగారు.

ఆ ఆగడం ఏమిటో ఆ హాలులో నాకొక్కడికే తెలుసు. నా మాట కోసం రోజూ ఎలా ఆగేవారో, అలా తన మాట కోసం ఆయన ఆగారు. ముందు వరసలో మా కమిటీ అధ్యక్షుడు గడియారం తట్టి చూపించాడు. తర్వాతి నాట్యానికి చిన్నపిల్లలు మూడు రంగుల బట్టలు కట్టుకుని పక్కన ఎదురుచూస్తున్నారు. ఈ కారణాలన్నీ చెప్పుకోవచ్చు, చాలాకాలం చెప్పుకున్నాను కూడా. నిజం ఏమిటంటే ఆ తర్వాతి మాట వినడానికి నాకు భయం వేసింది. ముందుకెళ్ళి ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. ఆయన పెనుగులాడలేదు. ఎరువు తెచ్చుకున్న వస్తువును తిరిగి ఇచ్చేసినట్టు ఇచ్చేశారు. "వింటుంటే ఒళ్ళు గగుర్పొడుస్తోంది కదండీ! మన వీరజవానుకు గట్టిగా చప్పట్లు" అన్నాను. అందరూ లేచి నిలబడి కొట్టారు. ఆ నులకకు, ఆ మంచానికి, దాని మీద ఎవరైనా పడుకుని ఉంటే ఆ మనిషికి, మేమంతా చప్పట్లు కొట్టాం. పిల్లలు ఈలలు కూడా వేశారు.

తిరిగి వచ్చేటప్పుడు ట్రైన్‌లో శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను పులిహోర బాగుందనీ, పిల్లలు బాగా ఆడారనీ ఏదేదో వాగుతున్నాను. ఆయనే నన్ను ఆపారు. "నువ్వు మంచిపనే చేశావులేవయ్యా. చిన్నపిల్లలుండారు అక్కడ. నేనే తెలివితక్కువగా మొదలుపెట్టా, ఏమనుకోమాక." నేనేమన్నానో తెలుసా? "పర్లేదులే అంకుల్" అన్నాను. నేను ఆయన్ని క్షమించాను.

ఆ తర్వాత కూడా మేం సిమెంటు దారినే కలిసి నడిచాం. ఆయన పచ్చికను ఎందుకు తొక్కరో ఇప్పుడు నాకు తెలుసు కాబట్టి హాస్యాలు మానేశాను. కొన్నాళ్ళకు ధైర్యం చేసి, "ఆరోజు ఏదో చెప్పబోయారు అంకుల్" అన్నాను. "ఏముందిలే, అయిపాయె" అన్నారు. ఆయనలాగే నేనూ ఆగాను. ఎంతసేపైనా ఆగడానికి సిద్ధపడ్డాను. ఆయన మునక్కాయల గురించీ చిన్న మనవడి జలుబు గురించీ మాట్లాడారు. యాభై ఏళ్ళు దాచుకున్న మాట ఒక్కసారి నోటిదాకా వచ్చింది. దాన్ని నేను వెనక్కి నెట్టేశాను, అది మళ్ళీ రాలేదు. ఆ ఏడాది చివర పింఛను కాగితాల పని మీద ఊరికెళ్ళారు. అక్కడే నిద్రలో పోయారు.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఆగడం ఒక్కటే. అది కూడా ఆలస్యంగా వచ్చింది. ఆఫీసులో కుర్రాళ్ళెవరైనా మాట మధ్యలో తడబడితే ఇప్పుడు నేను అందించను, ఎదురుచూస్తాను. ఇంట్లోనూ అంతే. "మూగనోము పట్టారా ఏంటి?" అంటుంది మా ఆవిడ. అది మంచితనం అనుకుని కుర్రాళ్ళు నన్ను మెచ్చుకుంటారు. మెచ్చుకున్నప్పుడల్లా నాకు తలెత్తుకోవాలనిపించదు.

ఆ సభ రోజు పద్మకు ఆఫీసులో పని ఉండి రాలేకపోయింది. దినాలు అయ్యాక ఊరి నుంచి తిరిగొచ్చి, ఒకరోజు మా తలుపు తట్టింది. "అన్నా, నాన్న స్టేజీ మీద ఏదో మంచం సంగతి చెప్పాడంటనే. మాకెప్పుడూ చెప్పలా. అమ్మకి గూడా చెప్పినట్టు లేదు. నువ్వు పక్కనే ఉండావు గదా, ఆ తర్వాత ఏం చేశాడంట?" అని అడిగింది. అడిగి, అచ్చం వాళ్ళ నాన్నలాగే, నా జవాబు కోసం ఆగింది. "అక్కడితో ఆపేశారమ్మా" అన్నాను.

ఆయన ఆపలేదు. పద్మ ఇప్పటికీ పక్క ఫ్లాటులోనే ఉంది. లిఫ్టులో రోజూ కలుస్తాం, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. ఇది మీకంటే ముందు ఆమెకు చెప్పాల్సింది. మళ్ళీ మైకు నేనే తీసుకున్నాను.