చచ్చిన పులి గురించి అడిగిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు నంద్యాలలో, బడిలో ఉండగా అందింది. మా ఊరి మేస్త్రి ఒకాయన ఆళ్లగడ్డ బస్సు దిగి నేరుగా బడికొచ్చి, తరగతి గుమ్మం ముందర చెప్పులు విడిచి నిలబడ్డాడు. పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

"ఏందన్నా?" అన్నాను.

"మీ అత్త పాయె మ్మా. పొద్దున పాలు పిండతా పిండతా అట్లే ఎనుము కాళ్లకాడ ఒరిగిపాయె. మీ నాయన నిన్ను బేగా రమ్మన్యాడు."

తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

పోయినవాళ్ల గురించి మంచి మాటలు రాయడం మర్యాద. నేనూ అదే చేద్దామని కూర్చున్నాను. కానీ మా అత్త మంచితనం చెప్పాలంటే మా ఊరివాళ్ల చెడ్డతనమూ చెప్పక తప్పేట్టు లేదు. ఆమె బతికుండగా నోరు మూయించాలని చూసినవాళ్లు ఇప్పుడు ఆమెను పొగుడుతున్నారు. అది విన్న తర్వాత కలం మెత్తగా నడవడం లేదు. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

మా ఊరు నల్లమల అంచున ఉంటుంది. ఆఖరి చేను దాటితే వాగు, వాగు దాటితే అడవి. పెళ్లయిన కొన్నేళ్లకే మామ కామెర్లతో పోతే, అత్త రెండు ఎనుములను, అంటే గేదెలను, తోలుకుని పుట్టింటికి వచ్చేసింది. మా నాయన ఇంటి పక్కన స్థలం ఇస్తే కొట్టం వేసుకుంది. పాలు, పెరుగు అమ్మి బతికింది. నేను టీచర్ ట్రైనింగ్ చదివింది ఆమె పాల మీదే.

ఆమెకు గుసగుసలు పడవు. ఎవరైనా చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడితే, "చెప్పేదుంటే గట్టిగా చెప్పు. ల్యాకుంటే బువ్వ తినేటప్పుడు తెరువు ఆ నోరు" అనేది. ఆదివారం గుడిలో ముందు వరుసలో, ఎనుముల వాసనతోనే కూర్చునేది. ప్రసంగం సాగితే, "గొడ్లు కాసుకోనుంటాయి అయ్యగారూ" అని చెప్పి లేచి వెళ్లిపోయేది. మొదట్లో నొచ్చుకున్న పాస్టరుగారు తర్వాత తర్వాత ఆమె లేవకముందే ముగించడం నేర్చుకున్నారు.

పులి మీద ఆమెకు ప్రేమ ఉండేదని ఇప్పుడు అందరూ అంటున్నారు. అది అబద్ధం. గొడ్లు కాచుకునే మనిషికి పులి మీద ప్రేమ ఎందుకుంటుంది? ఆమె పంతానికి కారణం వేరే.

ఎమర్జెన్సీ అయిపోయిన కొత్తలో మా ఊరివాళ్ల ఎద్దును ఒకదాన్ని పులి కొట్టింది. అప్పట్లో పత్తికి కొట్టే పురుగుమందు ఎండ్రిన్ ప్రతి ఇంట్లోనూ ఉండేది. ఆ మందును చచ్చిన ఎద్దు మాంసంలో పోశారు. మిగిలింది తినడానికి పులి మళ్లీ వస్తుందని, వచ్చి తిని చస్తుందని. ఆ పులి రాలేదు. కుక్కలు చచ్చాయి. రాబందులు చెట్ల కిందే కుప్పలుగా పడ్డాయి. అడవిలోని చెంచుగూడెం నుంచి ఒకామె, అత్త ఈడుదే, తేనె తెచ్చిచ్చి మజ్జిగ పోయించుకుపోయేది. పులి వదిలిన మాంసం కనిపిస్తే కోసుకుపోవడం వాళ్లకు మామూలే. ఆమె కూడా కోసుకుపోయింది. తిని చచ్చిపోయింది.

ఊరు దాన్ని వాంతులూ భేదులూ అంది. మందు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తబోయిన అత్తతో, "ఊరి పరువు తీస్తావా?" అన్నారు. అంతటితో అయిపోయింది. ఒక మనిషి ప్రాణం అంత సులువుగా ముగిసిపోయింది.

ఆ మందు పోయించినాయన మా ఊరి పెద్ద. పేరు రాయను. పొలాలున్నవాడు, పంచాయతీలో ఆయన మాటకు ఎదురు లేదు.

కొన్నేళ్లకు మా అడవిని పులుల కోసం కేటాయించామని ప్రకటించారు. రోడ్డు మీద పులిబొమ్మ బోర్డు పెట్టారు. ఆ తర్వాతి ఎండాకాలంలోనే, నేను సెలవులకు ఊరికొచ్చి ఉండగా, అత్త ఎనుమును పులి కొట్టింది. ఉన్నవాటిలో మంచిది, నిండు చూడిది. వాగు అవతల రాళ్ల మధ్య పడి ఉంది. అత్త దాని మెడ మీద చెయ్యేసి కాసేపు ఏడ్చింది. ఏడుస్తుండగానే ఊరి పెద్ద వచ్చాడు. వెనక ఆయన జీతగాడు, చేతిలో ఎండ్రిన్ డబ్బా.

అత్త కొడవలి పట్టుకుని లేచి ఎనుముకు అడ్డంగా నిలబడింది.

"ఎనుము పోయింది నీకే గదా. నీ కోసరమే వచ్చినాం," అన్నాడు పెద్ద.

"నా కోసరం ఏం చెయ్యొద్దప్పా. నా ఎనుము పోయింది, నేను ఏడ్చుకుంటా."

"రేపు నాది పోతాది. ఎల్లుండి ఇంగొకరిది పోతాది."

"కావలి పెట్టుకో. ముండ్లకంప ఏసుకో. మందు పెడితే పులి ఒక్కటే సస్తాదా? పోయినసారి ఎవురు సచ్చిరో నీకు తెల్దా?"

"ఆ చెంచుదాని మాట ఇప్పుడెందుకు ఎత్తుతావ్?"

"మల్ల ఎప్పుడు ఎత్తాల? అప్పుడూ ఎత్తనీకపోతిరి."

ఆయన ఉమ్మేసి చెట్టు నీడకు పోయి కూర్చున్నాడు. అత్త మళ్లీ ఎనుము పక్కన కూర్చుంది. ఆమె ఎప్పటికైనా లేస్తుందని ఆయనకు తెలుసు. మా నాయన అడవి ఆఫీసుకు వెళ్లి ఒకాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన ఎనుమును చూసి, "అడవి హద్దులోపల పడిందమ్మా, పరిహారం రాదు" అన్నాడు.

"పరిహారం నేనడగలే సార్. రేపటిదాంక ఈడ ఒక మనిషిని కావలి పెట్టు."

"మాకు మనుషులు యాడుండారమ్మా," అని ఆయన వచ్చిన దారినే పోయాడు. పులి తిన్న గొడ్డు దగ్గర ఒక్క మనిషిని నిలబెట్టలేని వాళ్లకు, పులిబొమ్మ బోర్డు నిలబెట్టడానికి మాత్రం మనుషులు ఎక్కడి నుంచి వచ్చారో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

పొద్దు వాలుతుండగా మా నాయన అత్త రెక్క పట్టుకుని లేపాడు. "పులి మల్ల తినేకి వస్తాది. ఈడ కూర్చుంటే ఎనుము తర్వాత నువ్వే" అన్నాడు. ఆమె ఆయనను తిట్టింది, నన్ను తిట్టింది, చెట్టు కింద కూర్చున్నవాళ్లను తిట్టింది. తిడుతూనే ఇంటికొచ్చింది.

తెల్లారి వెళ్లేసరికి పులి వాగులో మూతి పెట్టి పడి ఉంది. దప్పికకు అంతవరకు ఈడ్చుకుంటూ వచ్చినట్టుంది, ఇసుకలో జాడలున్నాయి. ఊరంతా వచ్చి దూరంగా నిలబడింది. అత్త ఒక్కతే దగ్గరికి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, దాని కడుపు కింద చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పాలిచ్చేది మ్మీ ఇది," అంది. "పిల్లలుండాయి యాడనో."

మధ్యాహ్నానికి జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు పులి చుట్టూ తిరిగి, "ముసల్దయిపోయింది, దానంతటదే చచ్చింది" అన్నాడు.

"ఎండ్రిన్ పెట్టినారు సార్. పెట్టించినాయన అదో, ఆ నీడలో ఉండాడు," అంది అత్త.

"పెడతాంటే నువ్వు చూసినావా?"

"నిన్న డబ్బా తెచ్చింది ఊరంతా చూసింది. అడుగు సార్ వీళ్లను."

ఆఫీసరు అడిగాడు. జనం నేల చూపులు చూశారు. మా నాయన ఒక్కడే, "డబ్బా నేను చూసినా సార్" అన్నాడు. ఆ మాట ఎవరికీ వినపడనట్టు ఆఫీసరు కట్టెలు తెమ్మన్నాడు. పులిని కోసి చూసే డాక్టరును పిలిపించలేదు. కిరసనాయిలు పోసి అక్కడికక్కడే కాల్చేశారు. వాసన మా ఇంటిదాకా వచ్చింది.

ఆ తర్వాత చాలా రోజులు అత్త పొద్దున్నే చెంబులో పాలు పోసుకుని వాగు అవతలి గుట్టల్లో తిరిగింది. "పిచ్చి పట్టిందా నీకు?" అని మా నాయన కేకలేసేవాడు. పులి పిల్లలు దొరకలేదు. దొరికితే ఏం చేసేదో ఆమెకూ తెలియదనుకుంటాను.

ఊరు ఆమెకు శిక్ష వేసింది. ఆమె పాలలో ఎండ్రిన్ కలుపుతుందని పుకారు లేపారు. మందు పెట్టొద్దని కొడవలి పట్టుకుని నిలబడినామె మీద, మందు కలుపుతుందని. ఊళ్లో పాలకేంద్రంలో ఆమె బిందెను పక్కన పెట్టేశారు. గడ్డివామికి నిప్పు పెట్టారు. ఆమె ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. బిందె ఎత్తుకుని, పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ పోయి, హోటళ్ల వాళ్లకు పోసి రావడం మొదలుపెట్టింది. బిందెకు టికెట్ అడిగిన కండక్టర్లతో కొట్లాడేది. చనిపోయే ముందురోజు వరకు అదే పని.

మరుసటి ఎండాకాలం పులులను లెక్కపెట్టడానికి మనుషులొచ్చారు. నీటిగుంటల దగ్గర పులి అడుగు కనిపిస్తే దాని మీద అద్దం పెట్టి చుట్టూ గీత గీసుకునేవారు. తెల్లటి పిండి నీళ్లలో కలిపి అడుగులో పోసి అచ్చు తీసేవారు. ఎండకు మాడి వచ్చిన వాళ్లకు అత్త మజ్జిగ పోసింది. "ఆ వాగుకాడ యాడన్నా అడుగు పడిందా నాయనా?" అని అడిగింది. "ఈసారి ఆ వాగులో ఏం లేదక్కా" అన్నారు వాళ్లు, నిజాయితీగానే. వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు అడవిలో చూసింది తర్వాత సభ వేదిక మీదికి వచ్చేసరికి ఏమైందో, నా కోపం దాని మీద.

ఆ వానాకాలం నంద్యాలలో వన్యమృగాల గురించి సభ జరిగింది. బడిపిల్లలను తీసుకురమ్మన్నారు. ఆ రోజు ఆళ్లగడ్డలో పాలు పోసి, నన్ను చూడడానికి వచ్చిన అత్త, "నేనూ వస్తా" అని పిల్లల వెనకే వచ్చి నేల మీద కూర్చుంది. వేదిక మీద ఒక పెద్ద ఆఫీసరు, మా అడవిలో పులులు ఒక్కటి కూడా తగ్గలేదని, ఇది అందరి కృషి అని చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక అత్త లేచి నిలబడింది.

"సార్, మా ఊరి వాగులో మందు తిని చచ్చినదాన్ని గూడా లెక్కేస్తిరా?"

వేదిక మీద ఎవరో, "కూర్చోమ్మా, ప్రశ్నలు తర్వాత" అన్నారు.

"తర్వాత మీరు జీపెక్కి పోతారు. ఇప్పుడే చెప్పండి. దాన్ని కాల్చింది మీవాళ్లే. మీ లెక్కలో అది ఇంగా తిరగతానే ఉండాదా?"

ఇద్దరు మనుషులు వచ్చి ఆమెను చేతులు పట్టుకుని బయటికి నడిపించారు. ఆమె పెనుగులాడలేదు. "పిల్లోళ్ల ముందర అబద్ధం చెప్పొద్దు సార్" అని మాత్రం అంది. నేను పిల్లలను వరుసలో నిలబెట్టి ఆమె వెనకే బయటికి తీసుకొచ్చేశాను. మరునాడు హెడ్‌మాస్టరు నా మీద మండిపడ్డాడు. పడనీ అనుకున్నాను.

సభ రోజు సాయంత్రం, బస్సు ఎక్కించడానికి వెళ్లిన నాతో, ఆళ్లగడ్డ బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆమె అన్న మాట ఇది: "చచ్చినదాన్ని చచ్చిందని ఒప్పుకుంటేనే గదా మ్మీ, ఉండేదాన్ని కాపాడుకునేకి అయ్యేది."

తర్వాత కూడా మా ఊళ్లో ఎవరి గొడ్డును పులి కొట్టినా ఆమె పోయి దాని పక్కన కూర్చునేది. తిట్లు పడేది. మొదట ఒంటరిగానే. తర్వాత గొర్రెలకాపరి భార్య వచ్చి కూర్చుంది. తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఆడవాళ్లు కూర్చున్నచోట డబ్బా తెరవడానికి మగవాళ్లకు చేతులాడలేదు. పోయిన ఎండాకాలం ఆ వాగులోనే కొత్త అడుగులు పడ్డాయి. అత్త పోయి చూసొచ్చి, "వచ్చిందిలే దొంగముండ, ఇంగ నా దూడలకు కావలి కాయాల" అని విసుక్కుంటూ కొట్టం చుట్టూ ముండ్లకంప వేసుకుంది. ఆమె సంతోషాన్ని నేను చూసింది అంతే.

ఆమెను ఊరి బయట, మావాళ్ల సమాధుల దగ్గర పాతిపెట్టాం. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఊరి పెద్ద ముందుకొచ్చాడు. బాగా ముసలివాడయ్యాడు. పూలదండ వేయించి, గొంతు సవరించుకుని, "ఈమె మన ఊరికే పేరు తెచ్చింది. పులులను బిడ్డల్లెక్క చూసుకునింది" అన్నాడు. జనం తలలూపారు. ఆ రోజు వాగు దగ్గర నేల చూపులు చూసిన తలలే.

ఆయన వంగి పిడికెడు మన్ను తీసుకున్నాడు. నేను గుంతకు అడ్డంగా నిలబడ్డాను.

"నువ్వు ఎయ్యొద్దప్పా," అన్నాను.

"ఏంది మ్మా ఇది. ఊరి పెద్దను. కడసారి."

"మందు పెట్టించింది నేనే అని ఈడ అందరి ముందర ఒక్క మాట చెప్పు. ఆ చెంచామె ఎట్ల సచ్చిందో చెప్పు. చెప్పి ఎయ్యి."

మా నాయన నన్ను ఆపుతాడనుకున్నాను. ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఊరి పెద్ద నోరు తెరిచాడు. గొర్రెలకాపరి భార్య, మిగతా ఆడవాళ్లు ఆయన నోటి వైపే చూస్తున్నారు. ఆయన మళ్లీ నోరు మూసుకున్నాడు.

మేం మన్ను వేశాం. పారలతో గుంత పూడ్చారు. జనం ఒక్కొక్కరే ఇళ్లకు కదిలారు. దారి మలుపులో నేను వెనక్కి తిరిగి చూశాను. సమాధులకు ఇవతల ఆయన ఒక్కడే నిలబడి ఉన్నాడు. మూసిన పిడికిలిని అట్లాగే ముందుకు చాపి, దాన్ని ఎక్కడ వేయాలో తెలియక చూస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి ఎర్రమన్ను ఆయన తెల్లపంచె మీద కొంచెం కొంచెంగా రాలుతూ ఉంది.