మంగేష్ లేవని ఆదివారం

మంగేష్‌కు నలభై తొమ్మిదేళ్లు. చూసినవాళ్లు యాభై ఐదు దాటాయనుకుంటారు. బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో, ఒంటిగదుల చాళ్‌లో, మూడో అంతస్తు చివరి ఖోలీలో పుట్టాడు. అక్కడే పెళ్లయింది, అక్కడే జుట్టు నెరిసింది. బలార్డ్ పియర్ దగ్గర ఒక ఆఫీసులో ప్యాంట్రీ పని చేస్తాడు. ఇరవై రెండేళ్లుగా అదే పని.

రోజూ నాలుగున్నరకి లేస్తాడు. ఐదింటికి నల్లాలో నీళ్లు వస్తాయి, ముప్పావుగంటలో ఆగిపోతాయి. డ్రమ్ము, హండాలు నింపి, వరండా చివరి మరుగుదొడ్డి ముందు వరస మొదలవకముందే తండ్రిని చేయి పట్టి తీసుకెళ్లి తీసుకొస్తాడు. తండ్రి లచ్చయ్యకు ఎనభై రెండేళ్లు. రాత్రిపూట మూడుసార్లు లేపుతాడు. ఒకసారి ఒంటేలుకు, ఒకసారి దాహానికి, ఒకసారి ఊరికే. రెండేళ్లుగా మంగేష్ ఒక రాత్రంతా కన్నుమూసి నిద్రపోయింది లేదు. భార్య సీమా లేస్తానంటుంది గాని, ముసలాయన కోడలు చేయి పట్టుకోడు. కొడుకే కావాలి.

ఆ తర్వాత కాఫీ. చాళ్ మొత్తం చాయ్ తాగుతుంటే వీళ్లింట్లో మాత్రం కాఫీ. అదీ పర్కోలేటర్‌లో కాచింది. అది ఒక పొడుగాటి అల్యూమినియం కెటిల్, పన్నెండు కప్పులది. లోపల నిలువుగా ఒక గొట్టం, దాని నెత్తిన చిల్లుల గిన్నె, గిన్నెలో పొడి. అడుగున నీళ్లు కాగి గొట్టంలోంచి పైకెక్కి పొడి మీద చిమ్ముతాయి, పొడిలోంచి దిగి మళ్లీ కిందికే చేరతాయి. మూత మీద గాజు బుడిపె ఉంటుంది. అందులో నీళ్లు ఎగరడం కనిపిస్తుంది. మొదట తెల్లగా, తర్వాత బెల్లం రంగులో, ఆ తర్వాత చెక్క రంగులో.

"నీళ్లు చల్లగుండాలె. పొడి ఇడ్లీ రవ్వ లెక్క లావుండాలె. మెత్తగైతే చిల్లులకెల్లి కిందికి దిగుతది, నోట్ల ఇసుక లెక్క తగులుతది," అని లచ్చయ్య చిన్నప్పటి నుంచీ కొడుకుకి చెబుతూ వచ్చాడు. "మంట చిన్నగ పెట్టు. నీళ్లను ఉరికియ్యకు మంగ్యా, నడిపియ్యి."

మంగేష్ అలాగే నడిపిస్తాడు. మాటుంగా దుకాణంలో గింజలు పట్టించేటప్పుడు "ఫిల్టర్‌కా?" అని అడిగితే, "కాదు, ఇంకా లావుగా" అని ప్రతిసారీ చెబుతాడు. బుడిపెలో మొదటి చుక్క ఎగిరింది మొదలు ఏడు నిమిషాలు చూస్తాడు. దించగానే చిల్లుల గిన్నె బయటికి తీసేస్తాడు, లేకపోతే చేదెక్కుతుంది. చెంచాడు చన్నీళ్లు చిలకరిస్తే మడ్డి అడుక్కి దిగుతుంది. పాలు వేరే కాచి కలుపుతాడు. ఇదంతా సగం నిద్రలోనే, గోడకు ఆనుకుని నిలబడి చేస్తాడు.

ఆ కెటిల్ లచ్చయ్యకు ఒక ఇంజినీరు ఇచ్చింది. లచ్చయ్య తాత పాలమూరు నుంచి వచ్చి బొంబాయిలో రాళ్లు మోశాడు. తండ్రీ అదే పని చేశాడు. లచ్చయ్య ఇరవై రెండేళ్ల వయసులో కూలీల మేస్త్రీ అయిన ముకద్దం వెంట కసారా ఘాట్ దాటి డ్యాము పనికి వెళ్లాడు. నాలుగేళ్లు డేరాల్లో బతికాడు. ఒకరోజు పాదం మీద రాయి పడి వేళ్లు నలిగాయి. ఇక మోయలేడని ఇంజినీరు డేరాలో వంటకు పెట్టారు. ఆ ఇంజినీరుది కూర్గు. ఇంటి తోట కాఫీ పార్సిల్లో తెప్పించుకునేవాడు. కట్టెల పొయ్యి మీద, ఈదురుగాలిలో, వానలో కూడా కాఫీ చెడకుండా కాచడం లచ్చయ్యకు ఆయనే నేర్పాడు. బదిలీ అయి వెళ్తూ కెటిల్ చేతిలో పెట్టాడు.

ఆఫీసులో మంగేష్ పని వేరు. అక్కడ మిషన్ ఉంది, బటన్ నొక్కితే నురగతో కాఫీ వస్తుంది. మంగేష్ కప్పులు మోయాలి, మిషన్ తుడవాలి, పాలపొడి నింపాలి. తనకోసం మాత్రం ఇంటి కాఫీ ఫ్లాస్కులో తెచ్చుకునేవాడు. ఒకరోజు మిషన్ పాడైతే, రెండో అంతస్తులో పనిచేసే ప్రథమేశ్‌కు జాలిపడి అందులోంచి అరకప్పు పోశాడు. ఆ కుర్రాడు తాగి, కప్పులోకి చూసి, "మంగేష్‌భావు, ఇది ఎక్కడిది?" అన్నాడు.

ఆరు నెలల తర్వాత ప్రథమేశ్ ఉద్యోగం మానేసి, కసారా ఘాట్ అవతల ఒక డ్యాము చెరువు ఒడ్డున గుడారాలు వేసి క్యాంపింగ్ మొదలుపెట్టాడు. వారాంతాల్లో వచ్చి అక్కడ కాఫీ కాయమని మొదటి ఫోను మంగేష్‌కే చేశాడు. పద్దెనిమిదేళ్లు కప్పులు మోసిన చోట ఎవరూ మంగేష్‌ను నువ్వేం చేయగలవని అడగలేదు. అందుకే మరో మాట లేకుండా ఒప్పుకున్నాడు. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి దాదర్‌లో క్యాంపు బస్సెక్కడం, ఆదివారం చీకటి పడేవేళకు ఇల్లు చేరడం. మొదటి ఏడాది సరదాగానే గడిచింది. నాలుగో ఏడాదికి వారంలో ఏడు రోజులూ పనిరోజులే అయ్యాయి. ఫాక్‌లాండ్ రోడ్ మీద నడుస్తుంటే ఒక్కోసారి తను ఏ వైపు వెళ్తున్నాడో, ఇంటికా పనికా, ఆగి గుర్తు చేసుకోవాల్సి వచ్చేది.

ఆ మార్చి శనివారం పొద్దున సీమా అంది: "మా అమ్మకు ఇయాల కంటి ఆపరేషన్ గదా. నేను ధారావి పోవాలె, రేపటిదాంక రాను. మామను ఎవరు చూస్తరు?"

మంగేష్ ప్రథమేశ్‌కు ఫోన్ చేశాడు. అవతల ఇరవై రెండు మంది వస్తున్నారట. "ఇప్పుడు చెప్తే నేనెవర్ని తేవాలి? మీ నాన్నను కూడా తీసుకురా. కుర్చీ వేస్తాను, కూర్చుంటాడు," అన్నాడు ప్రథమేశ్.

మంచం మీది నుంచి లచ్చయ్య అంతా విన్నాడు. "యాడికి? నా డ్యాముకేనా?"

"అవ్ నాయినా. నీ డ్యాముకే."

నాలుగేళ్ల కింద కూడా మంగేష్ అదే చెప్పాడు. తను పోయేదీ కసారా అవతలే, తండ్రి చెప్పిందీ కసారా అవతలే. ఇంకేం కావాలి?

బస్సులో ముందు సీటు ఇప్పించాడు. ముసలాయన ఇంకా ఎంత దూరమని దారంతా అడుగుతూనే ఉన్నాడు. ఆయన ఒంటేలుకు రెండు చోట్ల బస్సు ఆపించాల్సి వచ్చింది. మంగేష్‌కు వీపు మీద వెనక కూర్చున్నవాళ్ల చూపులు తగులుతూనే ఉన్నాయి. ఎండ వాలుతుండగా ఒడ్డుకు చేరారు. మంగేష్ ఒక చంకలో చేయివేసి, డ్రైవర్ మరో చంకలో వేసి లచ్చయ్యను దింపి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని నీళ్లను, అవతలి కట్టను చాలాసేపు చూశాడు.

"ఇది కాదురా," అన్నాడు.

"ఏది కాదు?"

"మాది రాతి గోడ. ఒక్కొక్క రాయి మా నెత్తుల మీదికెల్లి పోయింది. ఇది మట్టి కట్ట. ఇది నాది కాదు. ఇంత దూరం తెచ్చి ఎవల్దో డ్యాము చూపిస్తున్నవ్."

మంగేష్ వెళ్లి కట్టెలు దించుకున్నాడు.

గుడారాలు వరసగా లేస్తుంటే లచ్చయ్య మళ్లీ పిలిచాడు. "వీళ్లంత ఈడ ఏం పని చేస్తరు?"

"పని కాదు నాయినా. పండనీకె వచ్చిన్రు."

"డేరాల్ల పండనీకెనా? పైసలిచ్చి?"

"అవ్."

లచ్చయ్య కాసేపు నోరు తెరిచి చూసి, తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. డ్యాము తనది కాదన్న కోపం ఆ నవ్వులో కొంత కొట్టుకుపోయింది.

సాయంత్రం కాఫీకి మంగేష్ మూడు రాళ్లు పెట్టాడు. గాలి వచ్చే వైపు రేకు నిలబెట్టాడు. మసి అంటితే సులువుగా కడగొచ్చని కెటిల్ బయటంతా సబ్బు పూశాడు. కట్టెలు మండి నిప్పులయ్యేదాకా ఆగకుండా, జనం అడుగుతున్నారని తొందరపడి కెటిల్ ఎత్తేసరికి, వెనక నుంచి తండ్రి గొంతు:

"మంట మీద పెడ్తున్నవా? నిప్పుల మీద పెట్టరా. అంచుకు పెట్టు."

"నాకు తెల్వదా?" మంగేష్ గిర్రున తిరిగాడు. "నాలుగేండ్ల సంది నేనే చేస్తున్న. జర సేపు నోరు మూసుకొని కూసో."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు మాటలు ఆపి చూశారు. లచ్చయ్య చేతికర్ర వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. గుడారంలో పడుకోబెట్టి దుప్పటి కప్పుతుంటే ఇంట్లో గోడవైపు తిరిగినట్టు గుడ్డవైపు తిరిగాడు. మంగేష్ కాళ్ల దగ్గర కూర్చుని ఏదో అందామనుకున్నాడు. అనేలోపే కూర్చున్నచోటే నిద్రలోకి ఒరిగాడు.

కళ్లు తెరిచేసరికి గుడారం గుడ్డ నారింజ రంగులో వెలిగిపోతోంది. ఎండ. చేతి గడియారం ఏడున్నర చూపిస్తోంది. ఆరింటికల్లా మొదటి కెటిల్ దించాల్సినవాడు! పక్కన దుప్పటి ఖాళీగా ఉంది. అవతల నీళ్లు, ఒడ్డంతా రాళ్లు, ముసలాయన ఒంటరిగా. మోకాళ్ల మీదికి లేచాడు. అప్పుడు వినపడింది.

"ఏమైతుంది బిడ్డా? రంగు సూడు."

"ఇంకా తెల్లగనే ఉంది తాతా." అది శిరీష అనే అమ్మాయి గొంతు. పోవాయ్‌లో ఉద్యోగం చేస్తుంది, సొంతూరు జగిత్యాల. నిన్న బస్సులో తెలుగు విని లచ్చయ్యను పలకరించింది ఆమె ఒక్కతే.

"ఎగురుతుందా?"

"ఎగురుతుంది. గుబుక్ గుబుక్ అంటుంది."

"గట్టిగ ఎగురుతుంటే కొంచెం పక్కకు జరుపు. ఉరికియ్యకు. చెయ్యి కాల్తది, గుడ్డతోటి పట్టు."

మంగేష్ గుడ్డ సందులోంచి చూశాడు. తండ్రి కుర్చీలో ముందుకు వంగి, కర్రతో నిప్పులు ఎగదోస్తున్నాడు. శిరీష చున్నీ నడుముకు చుట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. పొడి గిన్నెలో అంచు దాటేలా పోసినట్టున్నారు, మూత కొంచెం ఎత్తుగా ఉంది. లేచి వెళ్లాలి. వెళ్తే రెండు నిమిషాల్లో సరిచేయొచ్చు.

"కాకను లేపాల్నా తాతా? ప్రథమేశ్ అడుగుతున్నడు."

"వద్దు. పండనీయ్," అన్నాడు లచ్చయ్య. "వాడు సక్కగ పండక రెండేండ్లైంది. నేనే లేపుతుంట."

మంగేష్ సందు మూసేశాడు. మెల్లగా వెనక్కి ఒరిగి, తండ్రి దుప్పటి కూడా మీదికి లాక్కున్నాడు. ఇన్నాళ్లూ ఆయనకు ఆ సంగతి తెలుసని అతను అనుకోలేదు. తెలిసీ లేపుతున్నాడని కోపం రావాలి. రాలేదు. ఇంకో పది నిమిషాలు పడుకోవచ్చన్న ఒక్క ఆలోచనే మిగిలింది. అతను పడుకున్నాడు.

ఆ కాఫీ బాగా కుదరలేదు. కప్పుల్లోకి మడ్డి దిగింది, పొగ వాసన పట్టింది. మొదటి ఎనిమిది మందికే వచ్చింది. మిగతావాళ్లు ఎదురుచూశారు. ఎనిమిది దాటాక మంగేష్ బయటికొచ్చి, మొహం కడుక్కుని, చల్లటి నీళ్లతో మళ్లీ మొదలుపెట్టాడు. ప్రథమేశ్ పక్కకు పిలిచి, "ఇంకోసారి ఇట్లా అయితే నాకు కష్టం మంగేష్‌భావు. నాన్నను తేవద్దు," అన్నాడు. మొహం చిన్నబుచ్చుకుని అన్నాడే తప్ప గొంతు పెంచలేదు. మంగేష్ తల ఊపాడు.

తిరిగొచ్చేటప్పుడు లచ్చయ్య ఘాట్ దిగేదాకా పడుకున్నాడు. లేచాక, "మంగ్యా, నా డ్యాము యాడుందో ఎవర్నన్న అడుగు," అన్నాడు.

"అడుగుత నాయినా."

"ఇప్పుడే గాదు. నీకు వీలైనప్పుడు."

వానలు మొదలయ్యాక క్యాంపు మూతపడింది. నాలుగు నెలలు మంగేష్ ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాడు. వానలు వెనకబట్టాక ప్రథమేశ్ ఫోన్ చేస్తే, సీమా ఎదురుగా కూర్చుని ఉండగా, "నెలకు రెండు శనివారాలే వస్తా," అన్నాడు. మిగతా రెండు వారాలకు ప్రథమేశ్ ప్యాకెట్ల కాఫీ పెట్టాడని తర్వాత తెలిసింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదట. ఆ మాట విన్న రోజు మంగేష్‌కు మనసు చివుక్కుమంది. రెండు రోజులు ఉంది, పోయింది.

ఇంట్లో ఉన్న ఆదివారాల్లో నీళ్లు సీమా పడుతుంది. లచ్చయ్య ఈ మధ్య ఆమె చేయి పట్టుకుని వరండా దాకా వెళ్లడం నేర్చుకున్నాడు, సణుగుతూనే. కాఫీ మాత్రం మంగేష్ లేచేదాకా ఎవర్నీ కాచనివ్వడు. ఎనిమిది కొట్టేదాకా గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుంటాడు. కింద ఫోరస్ రోడ్ మీద హారన్లు మొదలవుతాయి, పక్క ఖోలీల్లో చాయ్ గిన్నెలు చప్పుడవుతాయి. ఎవరో ఒకరు "తాతా, చాయ్ తాగుతవా?" అంటారు. వద్దని చేయి ఊపుతాడు.

రాత్రిళ్లు మూడుసార్లు లేపడం మాత్రం మానలేదు. పిలిచేటప్పుడు ఇదివరకటిలా అరవడు. కర్ర కొసతో దుప్పటిని తాకుతాడు, మంగేష్ కదలకపోతే కాసేపు ఆగి మళ్లీ తాకుతాడు.