బాలయ్య చేతి మీది నంబరు

వనపర్తి పాత బస్టాండు వెనక గల్లీలో ఆజంది సైకిల్ రిపేరు దుకాణం. పంక్చర్లు వేయడం, సైకిళ్లు అద్దెకివ్వడం అతని పని. కానీ గల్లీలో ఎవరినడిగినా "ఫోన్ ఆజమా?" అనే అంటారు. అక్కడ మొట్టమొదట ఫోన్ పెట్టించుకున్నది అతనే. ఆ తర్వాత పెళ్లి పత్రికల మీద, బడిలో, బ్యాంకులో అందరూ అతని నంబరే రాయించి పక్కన పి.పి. అని పెట్టించుకున్నారు. పి.పి. అంటే ఫోనూ పక్కవాళ్లదే, పరుగూ పక్కవాళ్లదే అన్నమాట.

మొదట్లో ఆజంకు అది గొప్పగానే ఉండేది. ఒకప్పుడు ట్రంకాల్ బుక్ చేసి పొద్దంతా కాచుకు కూర్చున్న మనిషి. అలాంటిది సున్నా ఎనిమిది అయిదు నాలుగు అయిదు అనే కోడ్ కలిపితే బొంబాయి నుంచి నేరుగా తన దుకాణంలోనే గంట మోగుతుంటే పొంగిపోడా? చివరి అయిదుకు బదులు ఆరు నొక్కి, గద్వాలలో ఎవరి చేతనో తిట్లు తిన్నవాళ్ల కథలు కూడా నవ్వుతూ చెప్పేవాడు. తర్వాత పక్క జిల్లాలకు, పక్క ఊళ్లకు చేసేటప్పుడు సున్నా తీసేసి తొంభై అయిదు పెట్టాలన్నారు. అదీ నేర్చుకున్నాడు.

అలసట కాళ్ల నుంచి మొదలైంది. ఫోన్ చేసినవాళ్లు ఫలానా మనిషిని పిలవమని చెప్పి పెట్టేస్తారు. కాసేపాగి మళ్లీ చేస్తారు. ఆలోగా ఆజం చేతిలోని పానా కింద పడేసి, ఆ మనిషి ఇంటికి ఉరికి, తోలుకుని రావాలి. పిలవడానికి పోతే మనిషి బోరింగు దగ్గర ఉంటాడు. అక్కడికి పోతే అప్పుడే పోయాడంటారు. ఏళ్ల తరబడి ఇదే వరస. మోకాళ్లు కలుక్కుమనడం మొదలయ్యాక ఫోన్ మోగితే చాలు, ఆజం ముఖం ముడుచుకునేది. తీసేయించమని భార్య జాహెదా పోరుతూనే ఉంది. ఈ నెల, వచ్చే నెల అంటూ అతనే దాటవేస్తున్నాడు.

దాటవేయడానికి ఒక కారణం దేవమ్మ. గల్లీ చివరి రేకుల ఇల్లు ఆమెది. భర్త బాలయ్య ఒక మేస్త్రీ వెంట పుణె వైపు కాలువ పనులకు పోతాడు. ఒకచోట ఉండే పని కాదు కాబట్టి చిరునామా ఉండదు. అమావాస్యనాడు పని బంద్ కనుక ఆ రోజు ఫోన్ చేస్తాడు. దేవమ్మ పొద్దున్నే వచ్చి దుకాణం ముందు బెంచీ మీద కూర్చుంటుంది. ఇవాళ అమావాస్య అని ఆజంకు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఆమె కూర్చుంటే సరి. ఒక్కోసారి బాలయ్య ఉండబట్టలేక మామూలు రోజుల్లో కూడా చేసేవాడు. అప్పుడు మాత్రం ఆజం గల్లీ చివరిదాకా నడవక తప్పేది కాదు. అలా పోయినప్పుడే ఒకసారి విసుగొచ్చి, "నేనేమన్న సర్కారు జీతగాన్నా, దినాం ఉరకనీకి?" అనేశాడు. ఆమె కొంగు సర్దుకుని వెంట నడిచింది.

బాలయ్యకు చదువు రాదు. నంబరు రాసిచ్చిన చీటీ చెమటకు నాని చిరిగిపోయేది. అందుకని ఒకసారి ఊరికి వచ్చినప్పుడు ఆజం ముందు ఎడమ చెయ్యి చాపి, "అన్నా, గీడ రాయి" అన్నాడు. ఆజం బాల్‌పెన్నుతో మోచేతి కింద నుంచి మణికట్టు దాకా కోడూ నంబరూ పొందికగా రాశాడు. బాలయ్య అటునుంచి అటే సంతకు పోయి, ఆ అంకెల మీదనే పచ్చబొట్టు పొడిపించుకుని వచ్చాడు. ఇక ఏ ఊళ్లోనైనా ఎస్టీడీ బూతువాడికి చెయ్యి చూపిస్తే చాలు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు వనపర్తి నంబర్లన్నీ మారాయి. కోడ్ అలాగే ఉంది గానీ ప్రతి నంబరు ముందూ రెండు అనే అంకె చేరింది. పేపర్లో వేశారు. గల్లీలో అందరూ ఆ మాటే చెప్పుకున్నారు. తన దుకాణం బోర్డు మీది నంబరుకు ఆ రెండు చేర్చడానికి కూడా ఆజంకు ఓపిక లేకపోయింది. ఎప్పుడో ఒకప్పుడు చూద్దాంలే అనుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన అమావాస్యకు బాలయ్య ఫోన్ రాలేదు. దేవమ్మ పొద్దుగూకేదాకా కూర్చుని లేచిపోయింది. పై అమావాస్యకూ అంతే. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని కొందరు, కాలువలో మట్టి కూలిందేమోనని కొందరు అన్నారు. గట్టు అనే ఊరి నుంచి ఆమె అన్న కృష్ణయ్య వచ్చి, ఈ నెల చూసి చెల్లెలితో సహా సామాను ట్రాక్టర్లో వేసుకుపోతానని చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రం దేవమ్మ దుకాణానికి వచ్చి ఆజం ఎదురుగా నిలబడింది.

"అన్నా, నిజం చెప్పు. ఫోన్ వచ్చిందా? కాళ్లు నొచ్చి నన్ను పిలువనీకి రాలేదా?"

"నేను గట్ల చేస్తనా చెల్లె?"

"గారోజు నువ్వే అంటివి గద, జీతగాన్ని కాదని."

ఆజం ఇన్నేళ్లు ఉరికిన ఉరుకుడంతా ఒక్క మాటతో కొట్టుకుపోయింది. కోపం రాలేదు. ఏడుపొచ్చింది. ఆమె అలా అనుకోవడానికి సందు ఇచ్చింది తానే కదా.

మర్నాడు ఊరికే కూర్చోలేక రంగుడబ్బా తెచ్చి, స్టూలెక్కి బోర్డు ముందు నిలబడ్డాడు. కోడ్‌కూ నంబరుకూ మధ్య ఉన్న గీతను చెరిపి అక్కడ రెండు ఇరికించాడు. దిగి దూరం నుంచి చూస్తుంటే అప్పుడు తట్టింది. బాలయ్య చేతి మీద ఆ గీత కూడా లేదు. అంకెలన్నీ తను రాసినట్టే వరసగా, పాత నంబరుతోనే ఉన్నాయి. ఆ చేతికి పేపరు వార్త ఎవరు చదివి వినిపిస్తారు?

వెంటనే ఫోనాఫీసుకు పోయాడు. పాత నంబరు కూడా కొన్నాళ్లు మోగేలా చూడమని బతిమాలాడు.

"ఊరు పెరుగుతున్నది భాయ్. పాత నంబర్లు సరిపోతలేవు" అన్నాడు అక్కడి గుమస్తా, పాపం మంచిగానే.

"ఊరు పెరిగింది సార్. మనిషి చెయ్యి పెరగలేదు గద" అన్నాడు ఆజం. గుమస్తాకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పేంత ఓపిక ఆజంకూ లేదు.

దేవమ్మకు మాత్రం చెప్పాడు. ఆమె విని, "ఒక్క అంకెకే మనిషి అందకుండ పోతడా అన్నా?" అంది. నమ్మిందో లేదో తెలియలేదు. అమరచింత నుంచి పుణెకు కూలీలను తీసుకుపోతున్న వేరే మేస్త్రీ ఎదురైతే, బాలయ్య కనబడితే నంబరు మారిందని చెప్పమన్నాడు ఆజం. "అగుపిస్తే చెప్త" అన్నాడతను. అంతపెద్ద దేశంలో ఎక్కడ అగుపిస్తాడు? మూడో అమావాస్యనాడు బెంచీ ఖాళీగానే ఉంది. ఆమె రాలేదు. ఆ ఖాళీ బెంచీ వైపు చూడలేక ఆజం పొద్దంతా వీపు తిప్పుకుని పని చేశాడు.

కృష్ణయ్య ట్రాక్టర్ తెస్తానన్న వారంలోనే, ఒక మధ్యాహ్నం ఆజం ట్యూబు నీళ్లలో ముంచి చూస్తుంటే ఎదురుగా ఎవరో నిలబడ్డారు. తలెత్తితే బాలయ్య. గడ్డం మాసింది, మనిషి సగమయ్యాడు.

"బతికే ఉన్నవా అన్నా?" అన్నాడు బాలయ్య. బెంచీ మీద కూలబడ్డాడు. "నువ్వు లేవనుకున్న. నువ్వే లేకపోతే ఇంగ నా ఇల్లు ఏమైందో ఎట్ల తెలుస్తది? మేస్త్రీ పంపితే గద రానీకి. ఆఖరికి చెప్పకుండ వచ్చిన."

"ఫోన్ చేసినవా?"

"ఎన్నిసార్లో. ఒక ఆడమనిషి ఎత్తుతది. మన తెలుగే. గీ నంబరు లేదు, సరిచూసుకోండి అంటది. చూసుకున్న అన్నా, చెయ్యి చూసుకున్న. నంబరు సరిగనే ఉంది." ఎడమ చెయ్యి ముందుకు చాపాడు. "అమ్మా, జర ఆజమన్నను పిలువు, ఆయన పోయి మా ఇంటిదాన్ని తోల్కొస్తడు అని ఎంత బతిమాలిన్నో. ఆమె ఇనకపాయె. చెప్పిందే చెప్పబట్టె."

ఆజం ఆ చేతివైపు చూశాడు. తన రాతే, తన అంకెలే. బొంబాయి కాదు, పుణె కాదు, ఎక్కడో తెలియని బూతులో నిలబడి ఈ మనిషి ఒక యంత్రాన్ని పట్టుకుని తన పేరు చెప్పి వేడుకున్నాడు. పిలవమంటే ఆజం పోయి పిలుస్తాడని అంత నమ్మకం. కళ్లు నిండాయి. తడి చేతులు లుంగీకి తుడుచుకుని లేచాడు.

"నేను పోత తియ్ అన్నా" అని బాలయ్య లేవబోయాడు.

"కూసో. నేను పిలుస్త."

గల్లీ చివరికి నడిచి రేకుల ఇంటి ముందు నిలబడ్డాడు. సామాను మూటలు అప్పటికే కట్టి ఉన్నాయి. బాలయ్య వచ్చాడని చెప్పాలనే నోరు తెరిచాడు. ఏళ్ల అలవాటు, వేరే మాట వచ్చింది.

"దేవమ్మా, ఫోన్."

ఆమె పిండి చేతులతోనే బయటికొచ్చి, అతన్ని దాటుకుని, చెప్పులు లేకుండా దుకాణం వైపు ఉరికింది. ఆజం వెనక నుంచి పిలవలేదు. ఈసారి ఎంత ఆలస్యమైనా లైను తెగదు. మోకాళ్లు పట్టుకుని, మెల్లగా నడవడం మొదలుపెట్టాడు.