మెటికలు కారుకు, తిట్లు డ్రైవరుకు

ఇచ్చోడ నుంచి బోథ్‌కు అద్దె కారులో వెళ్తున్నాను. కారు కొత్తది. ఏదైనా అడ్డొస్తే దానంతటదే ఆగుతుందని డ్రైవర్ మల్లేశ్ ఒకటే పొగడ్త. నాకు నమ్మకం కుదరలేదు. అంతలో అతని ఫోన్ మోగింది. అటు చూశాడు. కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

ఎదురుగా, జానెడు దూరంలో, రోడ్డు మీద మక్కలు, అంటే మొక్కజొన్న గింజలు, ఆరబోస్తున్న ముసలామె.

ఆమె మెల్లగా లేచి, కారు బానెట్‌ను రెండు చేతులా నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. మా కాకినాడలో పిల్లలకే అలా దిష్టి తీస్తాం.

"సల్లగుండు నా తల్లీ!" అని కారుతో అని, మల్లేశ్ వైపు తిరిగింది. "బండి సూసింది. నీకు కండ్లు లేవా బిడ్డా?"

రోడ్డు మీద మక్కలేంటని అతను ఎదురు తిరుగుతాడనుకున్నాను. దిగి, "తప్పు నాదే అవ్వా" అన్నాడు. టైరు కింద చెదిరిన గింజలు దోసిళ్లతో కుప్పకు చేర్చాడు.

తిరిగొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "బోథ్ దాకా మీ కాడ ఉంచుండ్రి మేడం. బండి సూస్తదని నేను సూసుడు బంద్ జేస్తే ఎట్ల?"

దారంతా ఆ ఫోన్ నా ఒళ్లో మోగుతూనే ఉంది. మల్లేశ్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు.